పెరటి పుంజు, మూడేళ్ళ పిల్లవాడు

కిందటి వేసవిలో మా అమ్మగారింటి పెరట్లో మా మూడేళ్ళ బాబును పుంజు తన్నింది. గాయం కంటికి అంగుళం కింద, చెంప మీద పడింది. పైకి అది కందిగింజంత కూడా లేదు. సబ్బు రాసి కడుగుతూ దగ్గరగా చూసినప్పుడు మాత్రం, పుంజు కాలి వెనుక ఉండే ముల్లు లోపలికి దిగిన సన్నని రంధ్రం కనిపించి నా చేతులు వణికాయి.

ఆ పుంజు ఆ రోజే ఉన్నట్టుండి రెచ్చిపోలేదు. అంతకు రెండు వారాల ముందు నుంచే, అమ్మ నూకలు చల్లడానికి వెళ్ళినప్పుడల్లా అది మెడ ఈకలు నిక్కబొడుచుకొని, ఒక రెక్కను నేలకు రాస్తూ ఆమె చుట్టూ పక్కవాటుగా అడుగులు వేసేది, ఆమె వెనుదిరగగానే చీర కుచ్చిళ్ళ మీదికి దూకేది. మేమందరం నవ్వాం. "పుంజన్నాక ఆ మాత్రం పౌరుషం ఉండదా" అన్నారు నాన్న. ఆ నవ్వే మా తప్పు. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుకుంటున్న ఒక వృద్ధురాలి కాలిమీద, ఉబ్బిన నరం ఉన్న చోట పుంజు పొడవడంతో రక్తస్రావమై ఆమె మరణించినట్లు 2019లో అడిలైడ్ పరిశోధకులు ప్రకటించారని నేను తరువాతే చదివాను.

పుంజుకు అయిదారు నెలలు నిండి ఈడు వచ్చేసరికి పెట్టలను కాచుకునే స్వభావం బలపడుతుంది. పరుగెత్తేవాళ్ళు, చేతులు ఊపేవాళ్ళు, పెట్టల వెంటపడేవాళ్ళు దానికి శత్రువులుగా కనిపిస్తారు; మూడేళ్ళ పిల్లవాడు రోజంతా చేసేవి ఆ పనులే. పెద్దవాళ్ళకు పిక్క దగ్గర తగిలే దెబ్బ, కింద కూర్చుని ఆడుకునే పిల్లవాడికి నేరుగా కళ్ళకే తగలవచ్చు. పైగా వాడు ఏడుస్తూ పారిపోతే తానే గెలిచానని పుంజు నేర్చుకుంటుంది, మరునాడు ఇంకాస్త ముందుగానే మీదికి వస్తుంది. పందెపు పుంజులే ప్రమాదమని చాలామంది అనుకుంటారు కానీ, తోటి పుంజును చంపేంత పోరాడే అసీల్ జాతి కూడా రోజూ మనిషి చేతుల్లో పెరగడం వల్ల మనుషులతో తరచుగా నెమ్మదిగానే ఉంటుంది. మాది మామూలు నాటుకోడి. అందుకే జాతి పేరు చూసి నిశ్చింతగా ఉండకూడదని చెబుతున్నాను.

గాయానికి పసుపు, సున్నం పెట్టమని పొరుగువాళ్ళు తెచ్చి ఇచ్చినా నేను పెట్టనివ్వలేదు. పారే నీటి కింద పావుగంట సేపు కడిగి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. సన్నగా, లోతుగా దిగిన గాయాన్ని మూసేస్తే క్రిములు లోపలే ఉండిపోతాయని డాక్టరుగారు కుట్లు వేయలేదు. కోళ్ళ వల్ల రేబిస్ రాదు, ధనుర్వాతం మాత్రం రావచ్చు కాబట్టి ఆయన ముందుగా అడిగింది టీకాల కార్డే. 6, 10, 14 వారాల టీకాలూ, ఏడాదిన్నరకు వేయించిన బూస్టరూ అందులో ఉండటం చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

పుంజును చంకలో పెట్టుకొని తిప్పితే లొంగుతుందనీ, ముల్లు కొనను ఆకురాయితో అరగదీస్తే చాలనీ సలహాలు వచ్చాయి. పెద్దవాళ్ళు మాత్రమే ఉన్న ఇంట్లో అవి ప్రయత్నించవచ్చు. అయితే ముల్లు లోపల రక్తం ప్రసరించే ఎముక ఉంటుంది కాబట్టి కొన తప్ప ఎక్కువ తీయకూడదు, తీసినా ముక్కు ఉండనే ఉంటుంది. పుంజు మారిందో లేదో నా కొడుకు ముఖం మీద పరీక్షించడానికి నేను ఒప్పుకోలేదు. పెట్టలు పుంజు లేకపోయినా గుడ్లు పెడతాయి. పిల్లలు పొదగడానికే పుంజు కావాలి. నాన్న దానిని, పసిపిల్లలు లేని ఒక రైతు తోటకు, దాని కోపం సంగతి దాచకుండా చెప్పి ఇచ్చేశారు.

ఇప్పుడు పెరట్లో పెట్టల చుట్టూ నా నడుము ఎత్తున ఇనుప జాలీ ఉంది. బాబు అమ్మమ్మ చేయి పట్టుకొని బయటే నిలబడి, జాలీ కన్నాల్లోంచి ఒక్కొక్క నూక గింజనే లోపలికి జారవిడుస్తాడు. తరువాత ఇద్దరూ బావి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంటారు.