ప్లాస్మా, మంట, సొరంగం: పాత డెమోలను షేడర్లలో మళ్లీ రాసిన అనుభవం

1993లో ఫిన్లాండ్‌లోని అసెంబ్లీ అనే డెమోల పోటీలో ఫ్యూచర్ క్రూ బృందాన్ని గెలిపించిన 'సెకండ్ రియాలిటీ' డెమో (అప్పటికప్పుడు బొమ్మలు, సంగీతం పుట్టించే ప్రోగ్రామ్) సోర్స్ కోడ్‌ను 2013లో అందరికీ విడుదల చేశారు. గ్రాఫిక్స్ కార్డు లెక్కలేవీ చేసిపెట్టని రోజుల్లో, ప్రాసెసర్ ఒక్కటే ప్రతి పిక్సెల్‌నూ మోసిన కోడ్ అది. అది తిరగేస్తున్నప్పుడే ఆ కాలపు ఎఫెక్టులను ఇప్పటి జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) మీద నా చేత్తో రాయాలనిపించింది. షేడర్ అంటే ప్రతి పిక్సెల్ రంగునూ జీపీయూ మీద లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్. అలాంటివి రాసి చూసుకునే షేడర్‌టాయ్ అనే వెబ్‌సైట్‌లో మొదలుపెట్టాను. బ్రౌజర్ ఉంటే చాలు, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

ముందు ప్లాస్మా, అంటే తెర నిండా అలల్లా కదిలే రంగులు. నాలుగు సైన్ అలలు తీసుకున్నాను: అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, ఐమూలగా ఒకటి, మధ్య బిందువు నుంచి దూరాన్ని బట్టి ఒకటి. వాటిని కూడి, వచ్చిన విలువను బట్టి రంగు వేస్తే పది లైన్లలో పని అయిపోతుంది. తెర నిండా రంగులు మెత్తగా జారుతున్నాయి, కానీ ఆ పాత కళ లేదు. ఎందుకో తెలియాలంటే వీజీఏ (అప్పటి పీసీల గ్రాఫిక్స్ ప్రమాణం) ఎలా పనిచేసేదో చూడాలి. 320×200 పిక్సెళ్లు, ఒకేసారి 256 రంగులు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 64 మెట్లే. చాలా ప్లాస్మాల్లో పిక్సెళ్లు అసలు మారవు, వాటి వెనకున్న రంగుల పట్టిక తిరుగుతుంది. 64,000 బైట్లు మళ్లీ రాసే బదులు 768 బైట్లు మారిస్తే తెరంతా కదిలినట్టుంటుంది. ఎంత తెలివి!

అందుకని ఆ హద్దులన్నీ తిరిగి పెట్టాను. కోఆర్డినేట్లను 320×200 గడుల్లోకి, విలువను 256 మెట్లలోకి, ఒక్కో రంగును 64 మెట్లలోకి కుదించాను. కాలాన్ని అలల్లోంచి తీసేసి రంగుల పట్టికకు కలిపాను. రంగుల అంచులు చారలుగా తేలాయి, కంటికి కదలిక ఆ అంచుల్లోనే దొరికింది. ఆ మోడ్‌లో పిక్సెల్ చదరంగా ఉండదు, వెడల్పు కంటే ఎత్తు 1.2 రెట్లు. బొమ్మను 4:3 చట్రంలో కూర్చోబెడితేనే వలయాలు అప్పటివాళ్లు చూసినట్టు కనిపిస్తాయి.

మంట దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చింది. పాత పద్ధతి తేలిక: అట్టడుగు వరసలో రాండమ్‌గా నిప్పులు చల్లి, ప్రతి పిక్సెల్‌కూ దాని కిందున్న పిక్సెళ్ల సగటు ఇవ్వడం. షేడర్‌లో పిక్సెల్ పరీక్ష హాల్లో కూర్చున్న విద్యార్థి లాంటిది, పక్కవాడు ఇప్పుడేం రాస్తున్నాడో చూడటానికి వీల్లేదు. పోయిన ఫ్రేమ్‌లో ఏముందో మాత్రం చూడొచ్చు, అదీ దాన్ని విడిగా ఒక బఫర్‌లో (ఫ్రేమ్‌ను దాచిపెట్టే చోటు) దాచుకుంటే. షేడర్‌టాయ్‌లో 'బఫర్ A' అనే ఆ చోటు తన పాత ఫ్రేమ్‌నే తాను చదువుకునేలా కలిపితే మంట లేచింది.

లేచిన మంట ఆరలేదు, పైఅంచు దాకా ఎగబాకింది! కారణం నాకు ఎంతో నచ్చింది. అప్పటి కోడ్ పూర్ణాంకాలతో నడిచేది. నాలుగు విలువలు కూడి నాలుగుతో భాగించినప్పుడల్లా శేషం పోయేది, ఆ పోయిన శేషమే మంటను కొంత చల్లార్చేది. ఇక్కడి బఫర్‌లో ఉన్నవి ఫ్లోట్లు (దశాంశ సంఖ్యలు), శేషం పోదు. భాగహారం తర్వాత విలువను 255 మెట్లలో కిందికి కుదించి, పైగా కాస్త తీసేస్తేనే నాలుకలు చీలాయి.

ఇంకో రెండు సంగతులు. మంట ఫ్రేముకొక వరస చొప్పున పాకుతుంది కాబట్టి, 1080 వరసల తెర మీద అడుగున సన్నటి పట్టీలాగే మిగులుతుంది. 320×200 మూలలో లెక్కగట్టి, చివర్లో పెద్దది చేసి చూపించాలి. 144 హెర్ట్జ్ మానిటర్ మీదైతే అదే మంట 60 హెర్ట్జ్ కంటే రెండింతలకు పైగా వేగంగా పరుగెడుతుంది. గడిచిన కాలం చూసుకుని, అవసరం లేని ఫ్రేముల్లో పాత విలువనే తిరిగి రాయాలి.

సొరంగానికి అప్పట్లో ప్రతి పిక్సెల్‌కూ కోణం, లోతు ముందే లెక్కగట్టి పట్టికలో పెట్టుకునేవారు. ఇప్పుడు ఆ పట్టిక అక్కర్లేదు. ఏటాన్ (atan) ఫంక్షన్‌తో కోణం, కేంద్రం నుంచి దూరాన్ని తిరగేస్తే లోతు. అయితే ఎడమవైపు ఒక సన్నటి గీత వస్తుంది. అక్కడ కోణం π నుంచి −πకి ఒక్కసారిగా దూకుతుంది. సొరంగం గోడల మీద పరిచే బొమ్మను టెక్స్చర్ అంటారు, దాని చిన్నచిన్న ప్రతులే మిప్‌మ్యాప్ మెట్లు. జీపీయూ పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడా చూసి మిప్‌మ్యాప్ మెట్టు ఎంచుకుంటుంది. ఆ దూకుడు చూసి టెక్స్చర్ ఎంతో దూరాన ఉందనుకుని, అన్నిటికంటే చిన్న బొమ్మ తీసుకుంటుంది. మిప్‌మ్యాప్ ఆపేస్తే గీత పోతుంది కానీ నడిమధ్య రంగులు మిణుకుమంటాయి. టెక్స్చర్‌గ్రాడ్ (textureGrad) ఫంక్షన్ వాడి, దూకుడు లేని తేడాలను మనమే ఇవ్వడం నా లెక్కలో సరైన దారి. మధ్యలో చీకటి కమ్మేలా దూరంతో గుణిస్తే లోతు ఇంకా బాగా తెలుస్తుంది, పాతవాళ్లూ అదే చేశారు.

ఫోన్‌లో చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. మీడియంపీ (mediump) అనే తక్కువ ఖచ్చితత్వంలో కాలం పెరిగేకొద్దీ కదలిక కుదుపులుగా మారొచ్చు. ఎక్కువ ఖచ్చితత్వం కోసం హైపీ (highp) అని రాయండి, లేదా కాలాన్ని సైన్‌కు ఇచ్చే ముందు 2π లోపలికి మడవండి.

ఈ క్రమంలోనే రాయమని కొత్తవాళ్లకు చెబుతాను: ప్లాస్మాకు బఫర్ అక్కర్లేదు, మంటకు ఒకటి కావాలి, సొరంగానికి టెక్స్చర్ కావాలి. మూడూ అయ్యాక మెటాబాల్స్ (దగ్గరైతే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే గుండ్రటి ముద్దలు) తేలికగా వస్తాయి. జిమ్ బ్లిన్ 1982లో ప్రచురించిన ఆలోచన అది, షేడర్‌లో చిన్న లూప్‌లో ఇమిడిపోతుంది.