ముందు నిమజ్జనం సంగతి చూడండి

వినాయక చవితి ఇంకా నెలన్నర ఉందనగా మా కాలనీలో మొదలయ్యే గొడవ ఒకటే, విగ్రహం ఎన్ని అడుగులు అని. నన్నడిగితే అది ఆఖర్న తేల్చాల్సిన విషయం. ముందు తేలాల్సింది నిమజ్జనం ఏ రోజు, ఏ చెరువులో, ఏ బండి మీద అన్నది. విగ్రహాలు చేసే హైదరాబాద్ ధూల్‌పేటలో 12 అడుగుల గణపతిని ముచ్చటపడి బేరమాడేసి, తీరా తెచ్చాక సందు మలుపులో కరెంటు తీగలు అడ్డమొస్తే, కుర్రాళ్లు ట్రాలీ ఎక్కి కర్రలతో వాటిని పైకెత్తుతుంటారు చూడండి, గుండె ఆగినంత పనవుతుంది. లైన్‌మన్‌ని పిలిచి, ఆయన్ని వెంటబెట్టుకుని దారంతా ఒకసారి నడవండి, ఎత్తు ఎంత వరకు పోతుందో ఆయనే చెప్తాడు. అప్పుడు విగ్రహం బుక్ చేయండి.

పోలీసు అనుమతి, మండపానికి కరెంటు కనెక్షన్, రెండింటికీ ముందే అర్జీ పెట్టేయాలి. రాత్రి 10 గంటలకు మైకు ఆగాల్సిందే, కాబట్టి పిల్లల డాన్సులు 7 గంటలకే మొదలవ్వాలి. చందాలు రాసేది ఒకరు, ఖర్చు పెట్టేది ఇంకొకరు అయితే సగం తగాదాలుండవు. అన్నదానానికి వంటమాస్టర్‌కి మాత్రం ఇవాళే అడ్వాన్స్ ఇచ్చేయండి, ఆ సీజన్‌లో ఆయన ఫోన్ కూడా ఎత్తడు. లడ్డూ వేలం గురించి నేనేం చెప్పను, అదెలాగూ ఎవరి మాటా వినదు.