నాకొక్కడికే పసుపు బొమ్మ

మొన్న మంగళవారం పొద్దున్నే ఆరింటికి అమ్మ ఫోన్. "ఒరేయ్ నాన్నా, రాత్రి ఒంటిగంటా నలభై దాకా మెలకువగానే ఉన్నావు. ఒంట్లో బాగా లేదా?" అంది. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. లేవగానే పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు వాట్సాప్ తెరిచి, నా పేరు మీద నొక్కి కింద ఉన్న లాస్ట్ సీన్ చదువుకుంటుంది. మెసేజేమీ పెట్టదు. ఆ ఒక్క లైను చూస్తే చాలు, కొడుకు క్షేమంగా ఉన్నట్టు లెక్క.

ఆ లైను ఎవరికి కనపడాలి, ఎవరికి కనపడకూడదు అన్నది నాకు చాలా పెద్ద విషయం. ఇరవై ఏళ్ళ నుంచీ అంతే. మొదలుపెట్టింది మా అక్క.

2004లో అక్క పెళ్ళయి డల్లాస్ వెళ్ళింది. నేను అప్పుడు అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నాను. మైత్రీవనం దగ్గర సందులో ఒక ఇంటర్నెట్ సెంటర్, గంటకి 15 రూపాయలు. ప్లైవుడ్ చెక్కలతో కట్టిన క్యాబిన్లు, కాళ్ళు చాపుకోడానికి చోటుండదు. పొద్దున ఏడున్నరకి తలుపు తీసేవారు. మనకి ఏడున్నర అంటే డల్లాస్‌లో రాత్రి తొమ్మిది. కంప్యూటర్లో కబుర్లు చెప్పుకునే యాహూ మెసెంజర్‌లో అక్క పేరు పక్కన బూడిదరంగు మొహం పసుపుపచ్చగా మారిందంటే అక్క వంటిల్లు సర్దుకుని వచ్చి కూర్చున్నట్టు. అప్పట్లో అక్టోబరు ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పేవారని మాకు తెలీదు. ఆ సోమవారం నేను గంటసేపు ఆ బూడిదరంగు మొహం వంకే చూస్తూ కూర్చున్నాను. ఏమైందో ఏమోనని మనసు ఎటెటో పోయింది. డబ్బులిచ్చి లేవబోతుంటే పసుపుపచ్చ అయింది. "ఏరా, ఏడ్చావా?" అని టైపు చేసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, మా ఇద్దరి స్పెల్లింగులూ వేరు.

కొన్నాళ్ళకి అదే సెంటర్‌లో పక్క క్యాబిన్‌లో మా పెద్దమ్మ కొడుకు కూర్చున్నాడు. వాడి లిస్టులోనూ అక్క ఉంది. "మీ అక్క ఈమధ్య రావడమే మానేసిందిరా, ఎప్పుడు చూసినా ఆఫ్‌లైనే" అన్నాడు. నా స్క్రీన్ మీద చూస్తే పచ్చగా నవ్వుతోంది. నేను ఏమీ అనలేదు. సాయంత్రం మెయిల్‌లో అడిగితే చెప్పింది. సైన్ ఇన్ అవ్వగానే ఒకేసారి పది కిటికీలు తెరుచుకునేవట. అత్తగారి తరఫు వాళ్ళు, కాలేజీ వాళ్ళు, రెజ్యూమె చూడమని అడిగేవాళ్ళు. జవాబు రాకపోతే బజ్ కొట్టేవాళ్ళు, కిటికీ మొత్తం ఊగిపోయేది. బావగారు పక్కన కూర్చుని తింటుంటే కంప్యూటర్ అలా అదిరిపోతుంటే తనకి నామోషీగా ఉండేదట. అందుకని ఇన్విజిబుల్‌గా, అంటే ఎవరికీ కనపడకుండా లోపలికి వచ్చి, నా పేరు మీద రైట్ క్లిక్ చేసి, స్టెల్త్ సెట్టింగ్స్‌లో నాకొక్కడికే ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనపడేలా పెట్టుకుంది. అంటే ఆ లిస్టులో ఉన్నవాళ్ళందరిలోకీ పసుపు బొమ్మ కనపడేది నాకే. ఆ మెయిల్ ప్రింటు తీయించుకున్నాను. ఇప్పటికీ నా సర్టిఫికెట్ల ఫైల్లోనే ఉంది.

అప్పటి మెసెంజర్లలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఎవరైనా మనల్ని లిస్టులో చేర్చుకోవాలంటే ముందు మనల్ని అడిగేది. ఫలానా వాళ్ళు మిమ్మల్ని చేర్చుకుంటామంటున్నారు, సరేనా అని ఒక చిన్న పెట్టె వచ్చేది. గుమ్మం ముందు నిలబడి "ఇంట్లో ఉన్నారా అండీ" అని పిలిచినట్టు ఉండేది. ఇప్పుడు నంబరు దొరికితే చాలు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, ఒకసారి ఫ్లాటు చూపించిన బ్రోకరు, పదేళ్ళ కిందటి ఆఫీసు వాళ్ళు, అందరి పేర్లూ ఒకే లిస్టులో పడి ఉంటాయి. మనం ఏమీ మార్చకపోతే మనం ఎప్పుడు నిద్రపోయిందీ అందరూ చూడొచ్చు.

2008లో నేను చేరిన చిన్న కంపెనీలో లోపలి చాట్ కోసం జాబర్ అనే మెసేజింగ్ పద్ధతి సర్వర్ పెట్టే పని నాకే పడింది. అప్పుడు దాని లోపలి సంగతి చదివాను. 2004 అక్టోబరులో అచ్చయిన ప్రమాణపత్రంలో కాంటాక్ట్ లిస్టుని రోస్టర్ అన్నారు. అందులో ఒక్కో పేరుకీ నాలుగు సంబంధాల్లో ఏదో ఒకటి ఉంటుంది. నేను వాళ్ళని చూడగలను, వాళ్ళు నన్ను చూడలేరు. వాళ్ళు నన్ను చూడగలరు, నేను చూడలేను. ఇద్దరమూ చూసుకోగలం. ఎవరమూ చూసుకోలేం. చుట్టరికాలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి కదా అనిపించింది చదువుతుంటే. స్టేటస్‌లు కూడా మనిషి మాటల్లోనే ఉండేవి. మాట్లాడటానికి తీరిగ్గా ఉన్నాను, ఇప్పుడే లేచి వెళ్ళాను, చాలాసేపటికి గానీ రాను, కదిలించొద్దు. ఏది పెట్టాలో మనమే ఎంచుకుని, పక్కన ఒక వాక్యం కూడా రాసుకోవచ్చు. "భోజనానికి వెళ్ళాను, రెండింటికి వస్తా" అని రాసి వెళితే ఆ రెండింటిదాకా ఎవరూ పిలిచేవాళ్ళు కారు.

ఇంట్లో పిడ్జిన్ అనే చాట్ ప్రోగ్రాం వాడేవాణ్ణి. యాహూ, గూగుల్ వాళ్ళ జీటాక్, ఆఫీసు జాబర్ మూడూ ఒకే కిటికీలో వచ్చేవి. అక్క యాహూ ఐడీని జీటాక్ ఐడీ మీదకి లాగి వదిలితే రెండూ కలిసి ఒకే పేరయ్యేవి. పేరు మార్చి తెలుగులో "అక్క" అని పెట్టుకున్నాను. అందులో బడ్డీ పౌన్స్ అని ఒకటుండేది. ఫలానా మనిషి ఆన్‌లైన్‌లోకి రాగానే శబ్దం చెయ్యమని చెప్పి ఉంచవచ్చు. అక్కకి గుడిగంట శబ్దం పెట్టాను. స్నానం చేస్తుంటే కూడా వినపడేది. అమ్మ తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నప్పుడు ఆ గంట మోగితే వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసేది.

యాహూ మెసెంజర్ని 2018 జూలై 17న మూసేశారు. అప్పటికి మేమంతా వాట్సాప్‌కి వచ్చేసి చాలా రోజులైంది. 2009లో జాన్ కూమ్ వాట్సాప్ మొదలుపెట్టినప్పుడు అసలు ఆలోచన చాటింగ్ కానే కాదు. ఫోన్‌బుక్‌లో పేరు పక్కన ఆ మనిషి ఇప్పుడు కాల్‌లో ఉన్నాడనీ, బ్యాటరీ అయిపోతోందనీ, జిమ్‌లో ఉన్నాడనీ కనపడటం. ఆ సంవత్సరం జూన్‌లో ఐఫోన్‌కి యాప్ తెరవకపోయినా కబురు చూపించే పుష్ నోటిఫికేషన్లు వచ్చాక, స్టేటస్ మార్చినప్పుడల్లా అది స్నేహితులకి చేరడంతో జనం దాన్నే కబుర్లకి వాడుకున్నారు. ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకోడానికి పుట్టింది అది. నాకు ఆ మొదటి ఆలోచనే ఇష్టం.

పోయినేడాది ఆఫీసులో ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. "రాత్రి పదకొండూ యాభైకి ఆన్‌లైన్‌లో ఉన్నావు, నా మెసేజ్ చూడలేదేం?" అని. నేను ఆ టైములో అక్కతో మాట్లాడుతున్నాను. కోపంతో ఆ రాత్రే లాస్ట్ సీన్ ఎవరికీ కనపడకుండా మార్చేశాను. మర్నాడు పొద్దున ఆరున్నరకి మా ఆవిడ ఫోన్ మోగింది. "వాడి పేరు కింద ఏమీ లేదేమే, ఫోను ఎవరైనా ఎత్తుకుపోయారా?" అని అమ్మ. గొంతు వణుకుతోంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. అప్పటికప్పుడు కూర్చుని కొందరు తప్ప అందరికీ కనపడేలా మార్చి, ఆఫీసు పేర్లు 31 ఒక్కొక్కటే టిక్ పెట్టాను. ఆన్‌లైన్ కూడా లాస్ట్ సీన్ లాగే ఉండాలని పెట్టాను. 2022 నుంచి ఆ వీలు ఉంది. మనం దాచినవాళ్ళ లాస్ట్ సీన్ మనకీ కనపడదు. అది న్యాయంగానే ఉంది.

పండక్కి తెనాలి వెళ్ళినప్పుడు అమ్మ తన ఫోను నా చేతికిచ్చి, "మరి అక్కది ఎప్పుడూ కనపడదేరా?" అంది. అక్క అలవాటుగా అందరికీ మూసేసింది. పాత స్టెల్త్ సెట్టింగ్ లాగా ఈ ఒక్కరికే కనపడనివ్వు అనే వీలు వాట్సాప్‌లో లేదు. కనపడకూడని వాళ్ళందరినీ ఏరాల్సిందే. ఫోన్ చేసి చెప్పాను. అక్క ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాలుగొందల పేర్లున్నాయిరా. సరే, ఆదివారం కూర్చుంటాను" అంది.

కూర్చుంది. సోమవారం మళ్ళీ అమ్మ ఫోన్, ఈసారి ఐదున్నరకే. పాలు పొంగిన వాసన తగులుతోందని తనే చెప్పింది. "ఒరేయ్, అక్కది వచ్చింది. ఐదూ పన్నెండుకి చూసిందట. అంటే దానికి ఆదివారం సాయంత్రం ఆరూ నలభై రెండు. ఈ వేళకి దీపం పెట్టేసి ఉంటుంది కదరా?"