టీ ట్రీ నూనె, ఫ్లూకోనజోల్ మాత్ర
తరచూ తిరగబెట్టే యోని ఈస్ట్ ఇన్ఫెక్షన్‌తో విసిగిపోయిన నాకు మా పిన్ని టీ ట్రీ నూనె సిఫారసు చేసింది. అందులోని టెర్పినెన్-4-ఆల్ ప్రయోగశాలలో ఈ ఇన్ఫెక్షన్ తెచ్చే కాండిడా అనే ఫంగస్ కణాల పొరను దెబ్బతీసి చంపుతుందన్నది నిజమే గానీ, గాజు పాత్రలో పనిచేసిన గాఢత ఒంటి మీద, అందులోనూ అంత సున్నితమైన చోట, మంటనూ దద్దుర్లనూ పుట్టించగలదు. పైగా సీసా మీద మోతాదన్న మాటే లేదు.

అందుకే ఆసుపత్రికి వెళ్లాను. కాండిడాలో గ్లాబ్రాటా అనే రకమైతే ఫంగస్ మందైన ఫ్లూకోనజోల్‌కు అంత సులువుగా లొంగదు కాబట్టి డాక్టరమ్మ ముందు స్వాబ్‌తో నమూనా తీసి కల్చర్‌కు, అంటే ఏ రకం ఫంగసో పెంచి చూసే పరీక్షకు, పంపారు, షుగర్ పరీక్ష కూడా చేయించారు. ఆల్బికన్స్ అనే రకమని తేలాక 72 గంటల ఎడంతో మూడు ఫ్లూకోనజోల్ మాత్రలు, ఆపైన ఆరు నెలల పాటు వారానికి ఒక 150 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. మందు ఆపాక కొందరికి మళ్లీ వస్తుందని దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. గర్భం ఆలోచన ఉంటే ముందే తెలపమన్నారు.