ఒకే బొమ్మకు నాలుగు వేషాలు: పీఎస్‌పీలో జాతర గేమ్, మూడో నెల

సోనీ చేతి గేమ్ మెషీన్ పీఎస్‌పీ మీద మా గంగ జాతర వేషాలతో ఒక గేమ్ కడతా ఉండా. అందులో తోటి వేషం ఈ ఆదివారం రాత్రి నడిచింది. మూడు వారాలు సతాయించింది.

మా తిరుపతి గంగ జాతరలో మొక్కుకున్నోళ్లు బైరాగికి నామకొమ్ము, బండకి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకి చందనం పూసుకుంటారు. మనిషి అతనే, రంగు మారుతుంది. బీట్స్ ఆఫ్ రేజ్ అనే కొట్లాట గేమ్‌లో ‘రీమ్యాప్’ అనే ఆదేశం చేసే పని కూడా అదే. అసలు బొమ్మ పేరు, దాని పక్కన రంగు మార్చిన బొమ్మ పేరు రాస్తే ఏ రంగుకి ఏ రంగు వెయ్యాలో ఇంజినే (గేమ్‌ని నడిపే ప్రోగ్రామే) చూసుకుంటుంది. ఇది తట్టిన రోజే పని మొదలుపెట్టినా.

ఆ గేమ్‌ని 2003లో సెనైల్ టీమ్ అనే బృందం పాత పీసీల డాస్ మీద ఉచితంగా వదిలింది. సెగా కంపెనీ గేమ్ స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ మీద ప్రేమతో, కింగ్ ఆఫ్ ఫైటర్స్ అనే ఇంకో గేమ్ బొమ్మలు పెట్టి చేసినారు. నడక, దెబ్బ, లెవెల్ అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే కాబట్టి ఎవరికి వాళ్లు సొంత గేములు కట్టుకున్నారు. డ్రీమ్‌కాస్ట్, పీఎస్2, ఎక్స్‌బాక్స్ గేమ్ మెషీన్లకి పాకింది. సోర్స్ కోడ్ బయటికొచ్చినాక దాని ఇంజిన్ ఓపెన్‌బోర్ అయింది; నేను వాడేది అదే. ప్రోగ్రామింగ్ రాని నాలాంటోడికి నోట్‌ప్యాడ్‌తో తలుపు తీసిన గేమ్ ఇది. దాని రుణం నాకు పెద్దది.

నా మెషీన్ పీఎస్‌పీ 3000, 6.61 వెర్షన్ మీద కస్టమ్ ఫర్మ్‌వేర్ (సొంత గేములు నడిపించే, సోనీది కాని సిస్టమ్ సాఫ్ట్‌వేర్). మెమరీ 64 ఎంబీ; మొదటి 1000 మోడల్లో 32 ఎంబీనే, పెద్ద ప్యాక్‌లకి (గేమ్ మొత్తం ఒకే ఫైల్‌గా కట్టినవాటికి) చాలదు. ప్యాక్ ఫైల్‌ని ఓపెన్‌బోర్ ఫోల్డర్లోని ‘ప్యాక్స్’లో వేస్తే చాలు.

ఇక తోటి సంగతి. బొగ్గు పూసిన ఛాతీలో చిల్లులు పడి, వెనకున్న గోడ కనిపించేది. కోడ్ అంతా గాలించినా. తప్పు బొమ్మ ఫైల్లో, జిఫ్‌లో ఉంది. పాలెట్‌లో, అంటే బొమ్మ రంగుల పట్టీలో, సున్నా నంబరు రంగుని ఇంజిన్ పారదర్శకం కింద తీసుకుంటుంది. సేవ్ చేసేటప్పుడు బొమ్మల ఎడిటర్ రంగుల వరస మార్చేసి, నలుపుని సున్నాలో కూర్చోబెట్టింది. సున్నాలో ముదురు గులాబీ పెట్టి, వరస కదలకుండా మళ్లీ సేవ్ చేసినా. చిల్లులు పోయినాయి.

నడిచేటప్పుడు కాళ్లు జారుతున్నట్టుంటే ‘ఆఫ్‌సెట్’ చూసుకోండి. అది పాదం నేలకి ఆనే చోటు, ప్రతి ఫ్రేముకీ (నడకలోని ఒక్కో బొమ్మకీ) ఒకే లెక్కలో ఉండాల. ‘డిలే’ అంటే ఒక్కో ఫ్రేము నిలిచే సమయం, లెక్క సెకనులో నూరో వంతుల్లో. నడకకి 10 పెడితే ఒంటికి బరువొచ్చింది.

వేషాలని శత్రువులుగా పెట్టాలనుకున్నా మొదట్లో. అమ్మ ఒప్పుకోలేదు: “మొక్కుబడి వేషాన్ని కొట్టిస్తావా నాయనా?” నిజమే. నాలుగూ ఆటగాళ్లకే ఇచ్చేసినా. ఆఖర్లో దొరికే శత్రువు, గంగమ్మ కథలోని దుర్మార్గుడు పాళెగాడు.

నిన్న అమ్మకి చూపిస్తే, “నడక సరే, చేతిలో వేపమండ ఏదిరా?” అనింది. ఎనిమిది ఫ్రేములు మళ్లీ గీస్తా ఉండా.