మూలగుంజగా పాతిన ఫిరంగికి కాగితాలు: నా అనుభవం

మా వైపు పాత ఊళ్ళలో, బండి ఇరుసు గోడకు తగిలి పెచ్చులూడకుండా ఇంటి మూలన రాతి గుంజ పాతడం మామూలు. కందుకూరు ప్రాంతంలోని ఒక ఊళ్ళో ఆ గుంజ రాయి కాదు, ఇనుము. మూతి భూమిలోకి, వెనుక భాగం పైకి ఉండేలా పాతిన మూడున్నర అడుగుల చిన్న ఫిరంగి అది. ఇల్లు పడగొట్టించిన వారసులు దానిని మిగతా ఇనుముతో పాటు పాత ఇనుప సామాన్ల వ్యాపారికి బేరం పెట్టగా, నేను సైనిక సామగ్రి సేకరిస్తానని ఎరిగిన ఆ వ్యాపారి ముందుగా నాకు కబురు చేశాడు. ఆ ఫిరంగి చట్టప్రకారం నెల్లూరులోని మా ఇంటికి చేరేలోపు ఎవరెవరి సంతకాలు కావలసి వచ్చాయో, అవి ఎందుకు అవసరమో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను వెళ్ళేసరికి గ్యాస్ కట్టర్ సిద్ధంగా ఉంది. "రెండు ముక్కలు చేస్తే ఆటోలో పట్టేస్తది సార్" అన్నాడు వ్యాపారి. ముందు ఆ మంట ఆర్పించాను. నల్లమందు, అంటే సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన పాతకాలపు తుపాకి మందు, తడి తగలకుండా ఉంటే శతాబ్దాల తరువాత కూడా అంటుకునే గుణం పోగొట్టుకోదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న ఒక పాత ఫిరంగిని 2013 జనవరిలో శుభ్రం చేస్తుండగా లోపల దాదాపు 800 గ్రాముల మందు, దాని ముందు గుండు అలాగే ఉన్నట్లు బయటపడింది. అమెరికాలోనే వర్జీనియా రాష్ట్రంలో 2008లో పాత ఫిరంగి గుండును బాగుచేస్తుండగా అది పేలి ఒక సేకరణకర్త మరణించాడు. కాబట్టి ఇలాంటి వస్తువు చేతికి వచ్చినప్పుడు తుప్పు గీకడం కంటే ముందు చేయవలసినది లోపల ఏముందో తెలుసుకోవడం.

దానికి రెండు వెదురు కర్రలు చాలు. ఒక కర్రను ఫిరంగి పైన ఆనించి మూతి అంచు నుంచి మందుకు నిప్పంటించే వత్తి రంధ్రం వరకు ఉన్న పొడవును గుర్తు పెట్టుకోవాలి. రెండవ దానిని మూతిలోంచి మెల్లగా లోపలికి పోనిచ్చి అది ఎక్కడ ఆగుతుందో చూడాలి. రెండు గుర్తులూ దాదాపు కలిస్తే గొట్టం ఖాళీ. లోపలి కర్ర పొట్టిగా ఆగిపోతే మధ్యలో ఏదో ఉన్నట్లే. ఇనుప చువ్వ వాడకూడదు, డ్రిల్లు పెట్టకూడదు. మా ఫిరంగిలో కర్ర జానెడు ముందే ఆగింది. మూతి కిందికి పెట్టి పాతారు కాబట్టి అది మట్టే కావచ్చునని అనిపించినా, ఆ అనిపించడం మీద ఆధారపడి చేయి పెట్టడం నాకు ఇష్టం లేక, పోలీసు స్టేషన్‌కు వెళ్ళి రాతపూర్వకంగా సమాచారం ఇచ్చాను.

స్టేషన్‌లో మొదట ఎవరికీ ఏం చేయాలో తోచలేదు, వారిని తప్పు పట్టనూ లేను. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఫిరంగులు నిషిద్ధ ఆయుధాల నిర్వచనంలోకి వస్తాయి. ఫిరంగిని మోసే బండి, దానిని నిలబెట్టే దిమ్మె సైతం ఆ చట్టం దృష్టిలో తుపాకుల కిందే లెక్క. అదే చట్టంలోని 45వ సెక్షన్ మాత్రం, కాలం చెల్లిన నమూనా అయినా, పురాతన విలువ కలది అయినా, శిథిలమైనది అయినా సరే, మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరాని ఆయుధానికి ఆ చట్టం వర్తించదని చెబుతుంది. పాతది అయినంత మాత్రాన సరిపోదని, పనికిరానిదని కూడా తేలాలని గమనించాలి. మా ఎస్.ఐ. గారు ఆ సెక్షన్ నకలును రెండుసార్లు చదివి, బాంబు స్క్వాడ్‌నూ, జిల్లా సాయుధ దళంలో ఆయుధాల బాగోగులు చూసే ఆర్మరర్‌నూ పిలిపించారు. స్క్వాడ్ వారు వత్తి రంధ్రం గుండా నీరు పోసి, నాననిచ్చి, కొయ్య గరిటెతో లాగగా మట్టీ, గులకరాళ్ళూ, ఒక చీమల పుట్ట బయటికి వచ్చాయి. ఆ తరువాత రెండు కర్రల గుర్తులూ కలిశాయి. బండి మీద ఫిరంగిని ఆనించే రెండు ఇనుప చెవులలో ఒకటి విరిగిపోయిందనీ, వత్తి రంధ్రం తుప్పుతో వేలు దూరేంతగా వెడల్పయిందనీ, వెనుక భాగంలో పగులు ఉందనీ, మరమ్మతు చేసినా ఇది పేల్చడానికి పనికిరాదనీ ఆర్మరర్ రాసి ఇచ్చారు. నా దగ్గరున్న కాగితాలన్నింటిలో విలువైనది ఆ ఒక్క పేజీయే.

ఫిరంగి ఎప్పటిది అన్న ప్రశ్న ఈలోగా ఊళ్ళో వేడెక్కింది. ఉదయగిరి కోటను ముట్టడించినప్పుడు రాయలవారి సేన వదిలి వెళ్ళిన ఫిరంగి ఇదని పెద్దల మాట. కానీ వెనుక భాగాన్ని తడి గోనెగుడ్డతో రుద్దితే 5, 1, 20 అని మూడు అంకెలు కనిపించాయి. ఇవి ఇంగ్లీషు ఫిరంగుల మీద బరువు చెక్కే పద్ధతి: మొదటిది 112 పౌన్ల హండ్రెడ్‌వెయిట్లు, రెండవది 28 పౌన్ల క్వార్టర్లు, మూడవది విడి పౌన్లు. కూడితే 608 పౌన్లు, అంటే సుమారు 276 కిలోలు. మట్టి తీసిన తరువాత కాటా మీద 268 కిలోలు తూగింది; విరిగిన చెవికీ, తుప్పుగా రాలిన ఇనుముకీ ఆ తేడా సరిపోతుంది. కృష్ణదేవరాయలు ఉదయగిరిని గెలిచింది 1514లో. ఈ తీరాన దుగరాజపట్నంలో ఇంగ్లీషు వారు వర్తక కోఠీ పెట్టింది 1626లో. నా మాట విని పెద్దలు నొచ్చుకున్నారు గానీ, అంకెలు మాత్రం రాయలవారి పక్షాన లేవు.

రెవెన్యూ వారి అనుమానం వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉన్న వస్తువు పది రూపాయల విలువకు మించి దొరికితే దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. సగం పాతిపెట్టిన ఫిరంగి నేలలో దాగి ఉన్నట్లా, లేనట్లా? వి.ఆర్.ఓ. గారు ఊరికి వచ్చి, ఆ గుంజ మీద కూర్చుని చుట్ట కాల్చిన వృద్ధుల వాంగ్మూలం తీసుకుని, అది తరతరాలుగా అందరికీ కనిపిస్తూ ఇంటికి చెందినదిగానే ఉన్నదని పంచనామా రాశారు. తహసీల్దారు కార్యాలయం దానిని ఆమోదించింది. ఇంటి పాత పత్రాల కోసం కొంత తిరగవలసి వచ్చింది, ఎందుకంటే కందుకూరు 1970లో నెల్లూరు జిల్లా నుంచి ఒంగోలు (ఇప్పటి ప్రకాశం) జిల్లాకు, 2022లో మళ్ళీ నెల్లూరుకు మారింది. ఏ దస్త్రం ఎక్కడ ఉందో అడిగిన ప్రతివారూ పక్క జిల్లా వైపు చూపించారు. అన్నదమ్ములందరి సంతకాలతో అమ్మకపు కాగితం రాయించుకోవడం దానికంటే కష్టమైంది. ఇనుము ధరకు ఒప్పుకున్నవారే, పురాతన వస్తువు అని తెలిసే సరికి ఆలోచనలో పడ్డారు.

పురావస్తు శాఖ దగ్గర పని తేలికగానే ముగిసింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటినది పురావస్తువే అయినా, తప్పనిసరిగా నమోదు చేయించవలసినవి శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న తాళపత్రాల వంటి కొన్ని తరగతులే. ఫిరంగి వాటిలో లేదు. అయితే లైసెన్సు లేకుండా వ్యాపారంగా అమ్మకూడదు, దేశం దాటించకూడదు. నా దరఖాస్తు అందినట్లు ముద్ర వేయించుకుని భద్రపరచాను.

ఇక మిగిలినది తుప్పు. సముద్రపు గాలి, ఉప్పునేల కలిసిన మా ప్రాంతంలో పోత ఇనుము లోపలికి క్లోరైడు లవణాలు దిగిపోతాయి. అవి ఉన్నంత కాలం పైన ఎంత రంగు పూసినా పొరలుగా ఊడిపోతూనే ఉంటుంది. ఆ లవణాలను బయటికి రప్పించడానికి ఇటుకలతో తొట్టి కట్టి, టార్పాలిన్ పరిచి, చాకలి సోడా నీళ్ళలో ఫిరంగిని ముంచి, చుట్టూ మామూలు ఇనుప రేకులు నిలబెట్టి, బ్యాటరీ ఛార్జరుతో తక్కువ కరెంటు పంపాను. స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు వాడితే విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి వాటి జోలికి పోలేదు. హైడ్రోజన్ బుడగలు వస్తాయి గనుక తొట్టి పెరట్లో ఆరుబయటే ఉంచాను. నీళ్ళు మారుస్తూ నెలల తరబడి సాగే ఈ పనిలో తొందరపడి ఇసుకతో కొట్టిస్తే అంకెలతో సహా పైపొర అంతా లేచిపోతుంది. చివరకు బాగా కడిగి ఆరబెట్టి, కరక్కాయలో ఉండే వగరు పదార్థం వంటిదే అయిన టానిక్ ఆమ్లాన్ని కుంచెతో పూస్తే ఇనుము నీలి నలుపుకు తిరిగింది. పైన మైనం పట్టించాను.

ఈ సంగతి తెలిసిన తరువాత పాత ఇనుప వ్యాపారులు గుండ్లు తెస్తున్నారు. గూడూరు వైపు నుంచి వచ్చేవి చాలావరకు ఖనిజాలు నూరే మిల్లుల్లో వాడిన ఇనుప బంతులే. కొన్నయితే బడి పిల్లలు విసిరే షాట్‌పుట్లు. తూకం, వ్యాసం రెండూ చూడకుండా దేనినీ కొనడం లేదు.

ఫిరంగికి చక్రాల బండి చేయిస్తే అందంగా ఉంటుందని మా వడ్రంగి మేస్త్రి పట్టుబట్టాడు. బండి కూడా ఆయుధంగానే లెక్కకు వచ్చే చట్టంతో మళ్ళీ పేచీ ఎందుకని, రెండు టేకు దిమ్మెలకు గుండ్రంగా గాడి తీయించి వాటి మీద పడుకోబెట్టాను. ఇల్లు మారినా, ఫిరంగి చేతులు మారినా ముందుగా తెలియజేస్తానని స్టేషన్‌లో రాసి ఇచ్చాను. ఆర్మరర్ నివేదిక, పంచనామా, అమ్మకపు కాగితం నకళ్ళు అక్కడ ఒక ఫైలులో, నా బీరువాలో మరొక ఫైలులో ఉన్నాయి.