తాగుతారా అని అడిగారు, ఏ మాత్ర వేసుకున్నారని అడగలేదు

ఇది రాయడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు, అందుకే రాయగలుగుతున్నాను.

నేను పాడేరు వైపు ఒక స్కూల్లో టీచర్ని. కిందటి వానాకాలం చలిజ్వరం పట్టుకుంది. రక్తం చూసి వైవాక్స్ మలేరియా అన్నారు. ఏజెన్సీలో పనిచేసేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. మూడు రోజులకు క్లోరోక్విన్, 14 రోజులకు ప్రైమాక్విన్ చేతిలో పెట్టారు. సెలవు పెట్టి విజయనగరంలో ఇంటికి వచ్చేశాను. రెండో రోజుకే జ్వరం దిగింది.

మూడో రోజు రాత్రి రెండింటికి బాత్‌రూమ్‌కి లేచాను. మూత్రం నల్లగా వచ్చింది. ఫిల్టర్‌లోంచి దిగిన కాఫీ డికాషన్ ఎలా ఉంటుందో అలా. ఫోన్ లైటు వేసి చూశాను, అదే రంగు. నడుము పట్టేసింది. గోడ పట్టుకుని నిలబడితే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మా ఆవిడ లేచి వచ్చి, "ఏమండీ, మీ కళ్ళేంటి అలా పచ్చగా ఉన్నాయి?" అంది. అమ్మ ఏమీ అడగలేదు. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడి వేసి సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది.

ఆటోలో దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళాం. డ్యూటీ డాక్టర్ నా కళ్ళు చూసి, "ఎన్నేళ్ళుగా తాగుతున్నారు మాస్టారూ?" అన్నాడు. నేను మందు ముట్టినవాణ్ణి కాదు. ఆ మాటే చెబితే, "అందరూ అలాగే అంటారు" అని నవ్వి లివర్ పరీక్షలు రాశాడు. అప్పుడు అమ్మ నా వైపు చూసింది. ఒక్క క్షణమే, నిజమేనేమో అన్నట్టు. ఆ చూపు ఇప్పటికీ గుర్తొస్తుంది. పొద్దున్నే నర్సు వచ్చి, మలేరియా కోర్సు మధ్యలో ఆపకూడదని నాలుగో మాత్ర దగ్గరుండి వేయించింది.

సాయంత్రానికి హిమోగ్లోబిన్ 6.2. విశాఖ తీసుకెళ్ళారు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఏజెన్సీ నుంచి వచ్చాను కాబట్టి, అక్కడ ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉందేమోనని పరీక్ష కూడా చేశారు, అది లేదు. నా రక్తం చూసిన ల్యాబ్ డాక్టరమ్మ మంచం దగ్గరికే వచ్చి, "ప్రైమాక్విన్ ఎన్ని మాత్రలు పడ్డాయి?" అని అడిగారు. ఆ ప్రశ్నే నన్ను బతికించింది. ఆవిడకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

కాస్త లేచి తిరిగాక మైక్రోస్కోప్‌లో నా స్లైడ్ చూపించారు. గుండ్రంగా ఉండాల్సిన కణాలు ఉడత కొరికిన జామకాయల్లా ఉన్నాయి. "సికిల్ సెల్‌లో హిమోగ్లోబినే పుట్టుకతో తేడాగా ఉంటుంది. మీ హిమోగ్లోబిన్ మంచిదే, దానికి కాపలా తక్కువ" అన్నారు. ఎర్రకణం మోసేది ఆక్సిజన్, దానికి దెబ్బ తగిలేదీ ఆక్సిజన్ వల్లే. గ్లూటాథయోన్ అనే పదార్థం ఆ దెబ్బ కాస్తుంది. అరిగిపోయిన గ్లూటాథయోన్‌ని మళ్ళీ పనిలో పెట్టాలంటే జీ6పీడీ అనే ఎంజైమ్ కావాలి. మిగతా కణాలకు వేరే దారులున్నాయి, ఎర్రకణానికి ఇదొక్కటే ఆధారం. నాకు అది తక్కువ. ప్రైమాక్విన్ పడేసరికి హిమోగ్లోబిన్ ముద్దలు కట్టింది, పాడైన రక్తకణాల్ని ఏరేసే ప్లీహం ఆ ముద్దల్ని కొరికి లాగేసింది. ఈ లోపం బయటపడిందే 1956లో, ఇదే ప్రైమాక్విన్ వల్లనట! అది విన్నాక కోపం ఆపుకోలేకపోయాను. అంత పాత సంగతి, మాత్ర ఇచ్చే ముందు ఒక్కరైనా ఆలోచించలేదే.

ఇంకో మాట. అప్పుడు చేసిన ఎంజైమ్ పరీక్ష నార్మల్ అని వచ్చింది. పాత కణాలన్నీ పగిలిపోయి, ఎంజైమ్ ఎక్కువుండే కొత్తవే మిగిలాయి కాబట్టి అలా వస్తుందట. మూడు నెలలాగి చేస్తే లోపం తేలింది. మీకూ ఇలా జరిగితే మొదటి రిపోర్టు చూసి ఊరుకోకండి.

మగపిల్లలకి ఇది తల్లి వైపు నుంచే వస్తుందని తెలిశాక అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. తన తమ్ముడు తొమ్మిదేళ్ళప్పుడు జ్వరం మాత్రలు వేసుకుని, ఒళ్ళు పచ్చబడి, నల్లగా మూత్రం పోసి చనిపోయాడట. గాలి సోకిందన్నారట ఊళ్ళో. "నేనే ఇచ్చానురా నీకు" అని ఏడ్చింది. నీకు మాత్రం తెలుసా అమ్మా అన్నాను.

మలేరియా మందు మానేయమని నేను చెప్పడం లేదు. ప్రైమాక్విన్‌కి ముందు జీ6పీడీ పరీక్ష అడగండి. లోపం ఉన్నవాళ్ళకి వారానికోసారి చొప్పున ఎనిమిది వారాలు, డాక్టర్ కనిపెట్టుకుని ఉండి ఇచ్చే పద్ధతి ఉంది. మూత్రం రంగు మారితే తెల్లారేదాకా ఆగకండి. కుష్ఠు వ్యాధికి వాడే డాప్సోన్ మాత్ర కూడా ఈ లోపం ఉన్నవాళ్ళకి పడదు. బీరువాలో వేసే కలరా ఉండలూ ప్రమాదమే. మా ఆవిడ అవి తీసేసి ఎండు వేపాకు పెట్టింది. మా పాపకి నా నుంచి ఈ జన్యువు తప్పకుండా వెళ్ళి ఉంటుంది, దాని హెల్త్ కార్డు మీద ఎర్ర సిరాతో రాయించాను.

అప్పన్నకి తలనీలాలు ఇచ్చి వస్తూ, రిపోర్టు కాపీ తీసుకుని ఆ మొదటి ఆసుపత్రికి వెళ్ళాను. ఆ డాక్టర్ మానేశాడట. ఆ నర్సే ఉంది. నిలబడే చదివింది. "నాలుగోది నేనే వేశాను కదండీ" అంది మెల్లగా. మీ తప్పు కాదమ్మా అన్నాను. కాపీ తన దగ్గరే ఉంచుకుంటానంది.